‘వీడియో గేమ్ డాక్టర్లు’ అట!

ఆ వాట్సాప్ మెసేజ్ ఈ వారంలో నాకు ఐదుసార్లు వచ్చింది. చివరిసారి గుంటూరు నుంచి మా పిన్ని పంపి, "ఇది నిజమేనా నాన్నా?" అని అడిగింది. పిల్లలకు కీహోల్ ఆపరేషన్లు (చిన్న చిల్లుల్లోంచి కెమెరా, పరికరాలు పంపి, స్క్రీన్ చూస్తూ చేసేవి) చేసే డాక్టర్లు, ఆ పని సాధన చేసే డబ్బా ముందు కూర్చుని వీడియో గేమ్ ఆడి నేర్చుకుంటున్నారట. పెద్దవాళ్ళ ఆపరేషన్లలో చెయ్యి తిరిగితే చాలట. డబ్బాలో రక్తం రాదు కాబట్టి ఆ సాధన దండగట. పైగా ఇదంతా కోట్ల మెషీన్ల వ్యాపారమట. పిల్లల సర్జన్ని కాబట్టి ఊరుకోలేకపోయాను.

గేమ్ సంగతి ముందు. స్క్రీన్ ఉన్నమాట నిజమే. కానీ కీహోల్‌లో అసలు తంటా అంతా ఆ స్క్రీన్‌తోనే. లోతు తెలియదు. చెయ్యి కుడికి కదిపితే పరికరం కొన ఎడమకు పోతుంది, కృష్ణలో పడవ చుక్కాని లాగా. మొదటిరోజు ఒక రబ్బరు రింగును పుల్ల మీంచి తీసి, రెండో చేతి పరికరానికి అందించి, పక్క పుల్లకు తగిలించేసరికి నాకు చెమటలు పట్టాయి. మూడుసార్లు జారి మూలన పడింది. జారితే అక్కడే జారాలి, పసిబిడ్డ పొట్టలో కాదు.

ఇలాంటి సాధన పనికొస్తుందా అని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ బృందం 2002లో 16 మంది జూనియర్ డాక్టర్లతో పరీక్షించింది. ముందే సిమ్యులేటర్ (ఆపరేషన్‌ను అనుకరించే కంప్యూటర్) మీద సాధన చేసినవాళ్ళు పిత్తాశయం ఆపరేషన్‌లో 29 శాతం వేగంగా పనిచేశారు. మిగతావాళ్ళ తప్పులు వాళ్ళకంటే ఆరు రెట్లు ఎక్కువ. చిన్న పరీక్షే, అదీ పెద్దల ఆపరేషన్ మీద. అంతకు మించి దాన్ని సాగదీయను.

ఇక "పెద్దలకు చేసినవాడు పిల్లలకు చెయ్యలేడా?" అన్నది. ఈ మాటకే నాకు ఒళ్ళు మండింది. పసివాళ్ళకు వాడే పరికరం 3 మిల్లీమీటర్లు, అగ్గిపుల్ల కన్నా కాస్త లావు. లోపల దోసెడు చోటు. చోటు కోసం పొట్టలోకి ఊదే గ్యాస్ పీడనం కూడా పెద్దవాళ్ళకు పెట్టే దాంట్లో దాదాపు సగమే. పాలు తాగిన ప్రతిసారీ ధారగా కక్కేసే నెల బిడ్డను ఊహించుకోండి. జీర్ణాశయం చివర కండరం మందమై దారి మూసుకుపోతుంది. ఆ కండరాన్ని చీల్చాలి, దాని కిందున్న పల్చటి పొరకు మాత్రం గాటు పడకూడదు. తక్కువ చీలిస్తే వాంతులు ఆగవు, ఎక్కువైతే పేగుకు చిల్లు. అన్నవాహిక మధ్యలో తెగి పుట్టే బిడ్డలైతే సుమారు 3,500 కాన్పులకు ఒకరు. అలాంటి కేసు ఎప్పుడొస్తుందా అని చెయ్యి ముడుచుకుని కూర్చుంటే నేర్చుకున్నట్టే!

రక్తం రాదన్నది ఒప్పుకుంటాను. రక్తం కారేటప్పుడు టెన్షన్ పడకుండా నిర్ణయం తీసుకోవడం డబ్బా నేర్పదు. అందుకే డబ్బా తర్వాత కూడా సీనియర్ పక్కన కెమెరా పట్టుకుని నిలబడాలి, ఆయన కళ్ళ ముందే కుట్లు వెయ్యాలి. డబ్బా ఆ మెట్టుకు ముందుది, దానికి బదులు కాదు.

కోట్ల మెషీన్లు ఉన్నాయి, కాదనను. నేను నేర్చుకున్న డబ్బా ఫొటో పిన్నికి పంపాను. మూతకు రెండు చిల్లులు, లోపల చిన్న లైటు, పైన స్టాండుకు పాత ఫోను, అడుగున కుట్టి కుట్టి చిరిగిన కోడి తోలు.

"ఇదా! మన కారం డబ్బాలా ఉందే" అంది.