లాకప్ వైద్యం చెప్పే మెసేజ్

ఈ మెసేజ్ నాకు ఇంకోసారి పంపితే పంపినవాళ్లను బ్లాక్ చేసేస్తాను. దాని సారాంశం ఇదీ: ‘పిచ్చివాళ్లను బుజ్జగించినందుకు పోలీసులకు సన్మానాలా? వాళ్లు ప్రమాదకరం, లాకప్‌లో వేస్తేనే జనానికి క్షేమం. ట్రైనింగులిచ్చి పోలీసులను మెత్తబరుస్తున్నారు. పౌర్ణమికి ఈ కేసులు ఎలాగూ పెరుగుతాయి. అవార్డులన్నీ ఉత్త భజన.’

పౌర్ణమి సంగతి చంద్రుడికే వదిలేద్దాం.

లాకప్ సంగతి మాత్రం వదలను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో సెక్షన్ 100 ఒకసారి చదవండి. మానసిక జబ్బుతో, తనను తాను చూసుకోలేని స్థితిలో రోడ్ల మీద తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ అధికారి బాధ్యత. ఎందుకు తీసుకెళ్తున్నారో ఆ మనిషికి గానీ, తరఫున ఉన్నవాళ్లకు గానీ చెప్పాలి. 24 గంటలు దాటకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. నిలువ నీడ లేనివాళ్లయితే మిస్సింగ్ కేసు కట్టి ఇంటివాళ్లను వెతకాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్‌లో పెట్టకూడదు. అంటే మన వాట్సాప్ న్యాయకోవిదులు పోలీసులకు ఇస్తున్న సలహా ఏమిటి? చట్టాన్ని ఉల్లంఘించండి అని! పైగా ‘ప్రమాదకరం’ అట. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు దాడి చేయడం కన్నా దాడికి గురవడమే ఎక్కువ. వీధిలో రాళ్లు ఎవరు విసురుతారో, ఎవరికి తగులుతాయో మనం చూడందా? ఎవరో చంపడానికి వస్తున్నారని వణికిపోతున్న మనిషిని చువ్వల వెనక్కి తోసి నలుగురు గద్దిస్తే భయం తగ్గుతుందా? భలే వైద్యం.

ఇక మెత్తబడటం. అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో, కత్తితో తన ఒళ్లు తానే కోసుకుంటున్న 27 ఏళ్ల యువకుణ్ని పోలీసులు కాల్చి చంపారు. మరుసటి ఏడాది పోలీసులు, మానసిక రోగుల కుటుంబాలు, వైద్యులు కలిసి ఇలాంటి కేసులకు వెళ్లే ప్రత్యేక పోలీసు బృందాన్ని తయారుచేశారు. ఆ బృందానికిచ్చే 40 గంటల శిక్షణ పద్ధతే తర్వాత ఎన్నో చోట్లకు పాకింది. అందులో నేర్పేది ఇదీ: సైరన్ ఆపేయడం, ఒక్కరే మాట్లాడటం, ఎడంగా నిలబడటం, పేరడిగి జవాబు వచ్చేదాకా ఆగడం. లాఠీ ఊపినంత తేలికేం కాదు ఇది.

భజన అన్నమాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. శాలువా పడేది పెద్ద అధికారి భుజాల మీద. అర్ధరాత్రి ఆసుపత్రి గుమ్మంలో ‘బెడ్ ఖాళీ లేదు’ అనిపించుకుని, ఆ మనిషి పక్కనే బెంచీ మీద కూర్చున్న కానిస్టేబుల్ ఫొటోలో కనబడడు. అమెరికాలోనే యూజీన్ నగరంలో 1989 నుంచి ఇలాంటి కేసులకు పోలీసులకు బదులు ఒక వైద్య సహాయకుడు, ఒక కౌన్సెలింగ్ కార్యకర్త వ్యాన్‌లో వెళ్లేవారు. ఆ దేశమంతా మెచ్చుకుంది. 2025 ఏప్రిల్‌లో డబ్బుల్లేక ఆ సేవ అక్కడ ఆగిపోయింది. సన్మానం చేసేవాళ్లను బెడ్ల గురించి, బడ్జెట్ గురించి నిలదీసి ఉంటే ఈ మెసేజ్‌తో నాకు పేచీయే లేదు.