మెడికల్ షాపు కత్తెర గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కత్తెర గారి దివ్య సముఖానికి, తిరుపతిలో మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళందరి తరఫున రాసుకుంటున్నది ఏమనగా...

అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి వచ్చినవాళ్ళు మర్నాడు కుంటుకుంటూ తమరి ముందు నిలబడతారు. "అన్నా, కాళ్ళు పట్టేసినాయి, నాలుగు మాత్రలియ్యి" అంటే చాలు, షాపాయన షీటు తీస్తాడు, తమరు కర్రుమంటారు. మందు పేరులో "నాక్" అనే తోక మాత్రం మా చేతికొస్తుంది. గడువు తేదీ ఉన్న కొస డబ్బాలోనే ఉండిపోతుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పే ఎర్ర గీత వచ్చినా, మేం దాన్ని డిజైన్ అనుకుంటాం.

తమరి సమదృష్టికి దణ్ణం పెట్టాలి. పాతికేళ్ళ కుర్రాడికీ అవే నాలుగు. బీపీకి టెల్మిసార్టన్, కాళ్ళ వాపుకి ఒంట్లో నీరు తీసేసే నీళ్ళ మాత్ర వేసుకునే అవ్వకీ అవే నాలుగు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర కిడ్నీలకు వెళ్ళే రక్తాన్ని తగ్గించగలదు. దానికి అవ్వ వేసుకునే బీపీ మాత్రా, నీళ్ళ మాత్రా తోడైతే దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అసలే మెట్లెక్కి చెమటలు కారి, ఒంట్లో నీళ్ళు తగ్గిపోయిన మనిషి! 20 వారాలు దాటిన గర్భిణి ఈ నొప్పి మాత్ర వేసుకుంటే బిడ్డ కిడ్నీల మీద పడి ఉమ్మనీరు తగ్గే ప్రమాదముంది. నిమెసులైడ్ అనే ఇంకో నొప్పి మాత్రను 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడకూడదని 2011లోనే నిషేధించారు. పేరే కోసేశాక ఏది ఏదో ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?

మొన్న మా వీధి అవ్వకి మొహం ఉబ్బింది. "ఏం మాత్రలు వేసుకున్నావవ్వా?" అన్నాడు డాక్టరు. "తెల్లగా ఉంటాది నాయనా, గుండ్రంగా." కొంగుముడి విప్పి రేకు ముక్క చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే క్రియాటినిన్ పరీక్షకి రాశాడు. చదువుకున్నవాళ్ళం మేమేమీ తక్కువ కాదులెండి, పాత రేకు ఫొటో వాట్సాప్‌లో పంపి "సేమ్ ఇదే" అంటాం.

తమరిని మొద్దుబారమని అడగను. షీటంతా కొనే స్తోమత అందరికీ ఉండదు. కోసే ముందు షాపాయన చేత ఒక్క మాట అడిగించండి: బీపీ, షుగరు, కిడ్నీ, కడుపులో బిడ్డ, ఏమైనా ఉందా అని. కవరు మీద 1-0-1 గీసే పెన్నుతోనే మందు పేరు, గడువు తేదీ కూడా రాయించండి.

ఇట్లు,
తమరి పాత ఖాతాదారు

తా.క.: అవ్వ కొంగుముడిలో ఇంకా రెండు మాత్రలు మిగిలాయి. పక్కింటి పిన్నమ్మకి నడుం పట్టిందంట, ఇచ్చేస్తానంటోంది.