పాత పెట్రోలు మీద కొత్తది పోస్తే సర్దుకోదు

ఏళ్ల తరబడి షెడ్డులో ఉన్న అంబాసిడర్‌నో పద్మిని కారునో మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లకి వాట్సాప్‌లో ఒక సలహా తెగ తిరుగుతోంది. మూత బిగించిన ట్యాంకులో పెట్రోలు పాడవదట, పైన కొత్తది నింపితే చాలట. అనుమానముంటే కాస్త కిరోసిన్ కలపమంటున్నారు. తీసెయ్యాలంటే పైపుతో నోటితో లాగి కాలువలో పారబోయమని, ఖాళీ ట్యాంకుకి చిల్లులుంటే వెల్డింగ్ చేయించమని కూడా చెబుతున్నారు. వీటిలో పాటించదగ్గది ఒక్కటీ లేదు. కొన్ని ప్రాణం తీసేవి.

పాడవదన్న మాట ముందు చూద్దాం. పంపు పెట్రోలు లాగాలంటే ట్యాంకులోకి గాలి వెళ్లే దారి ఉండాలి. ఆ దారినే పెట్రోలులోని తేలికపాటి భాగాలు ఆవిరైపోతాయి. చల్లటి ఇంజిన్ స్టార్టవడానికి కావలసినవి అవే. మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా జిగురవుతుంది. పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్‌ జెట్లలో సన్నటి రంధ్రాలు మూసుకుపోవడానికి ఆ జిగురు కొంచెం చాలు.

కొత్తది నింపితే సరిపోతుందన్నది ఇంకా పెద్ద తప్పు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటగానే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగుకి దిగుతాయి. ఇంజిన్‌కి పెట్రోలు లాగే గొట్టం ఉండేదీ అడుగునే. అప్పటికే కింద నీరు చేరి ఉంటే అది కొత్త పెట్రోలులోని ఇథనాల్‌ని కూడా లాక్కుంటుంది. అంటే పాతది బాగుపడదు, డబ్బు పెట్టి పోసిన కొత్తది కూడా చెడుతుంది. నమ్మకం కుదరకపోతే అడుగునుంచి కొంచెం తీసి గాజు సీసాలో పోసి కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

కిరోసిన్‌కి ఆక్టేన్, అంటే ఒత్తిడికి తనంతట తాను అంటుకోకుండా తట్టుకునే గుణం, చాలా తక్కువ. ఇంజిన్ లోపల టకటకమని నాకింగ్ కొడుతుంది, సరిగా కాలనిది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది.

నోటితో లాగడం గురించి గట్టిగా చెప్పాలి. ఒక్క గుక్క పొరపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. ఎవరైనా మింగితే వాంతి చేయించొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పైగా పైనుంచి పైపుతో లాగితే అడుగున ఉండే నీరు, తుప్పు అక్కడే మిగిలిపోతాయి. ట్యాంకు కింద పెట్రోలు వదిలే బిరడా (డ్రెయిన్ ప్లగ్) ఉంటే అదే సరైన దారి. లేకపోతే పెట్రోలుకి పనికొచ్చే చేతిపంపు వాడండి. పని ఆరుబయటే చేయాలి, ఇంజిన్ చల్లగా ఉండాలి, బ్యాటరీ వైరు తీసెయ్యాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేలబారుగా పాకుతుంది. అందుకే మెకానిక్ గుంతలో దిగి ఈ పని చేయకూడదు. దగ్గర్లో బల్బు హోల్డరు, ఎలక్ట్రిక్ మోటారు ఏవీ ఉండకూడదు. పౌడర్ చిమ్మే రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉంచండి.

తీసింది ప్లాస్టిక్ బిందెల్లో పట్టకండి. 1934 పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా 30 లీటర్లకి మించి పెట్రోలు ఉంచుకోకూడదు. అది కూడా మూత గట్టిగా బిగిసే లోహపు డబ్బాల్లో, ఒక్కో డబ్బా 25 లీటర్లకి మించకుండా. అంబాసిడర్ ట్యాంకు నిండా ఉంటే ఆ హద్దు దాటిపోతుంది, కాబట్టి ప్లగ్ విప్పకముందే దీని సంగతి ఆలోచించుకోవాలి. కాలువలో పోస్తే ఆవిరి మూసిన డ్రైనేజీలో చేరి పేలవచ్చు, నేలలోకి ఇంకితే పక్కింటి బోరు నీళ్లు పాడవుతాయి. ప్రమాదకర వ్యర్థాలు తీసుకోవడానికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వండి.

వెల్డింగ్ మాట అన్నిటికన్నా భయంకరమైనది. నిండు ట్యాంకుకన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే అందులో మిగిలేది గాలితో కలిసిన ఆవిరి. నిప్పురవ్వ పడితే పేలుతుంది. నీళ్లతో ఒకసారి కడిగినంత మాత్రాన ఆ ఆవిరి పోదు. చిల్లులున్న ట్యాంకును కారు నుంచి దింపి, పెట్రోలు ట్యాంకుల మరమ్మతే పనిగా చేసేవాళ్లకి అప్పగించండి. వీధి చివర వెల్డింగ్ షాపుకి మాత్రం పంపొద్దు.