‘స్పృహ తప్పలేదు కదా, ఆడనివ్వండి’ అనే సందేశానికి జవాబు

వేసవి క్రీడా శిబిరాలు మొదలయ్యే సమయానికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. ఈ ఏడాది నాకు నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇది: “ఆటలో పిల్లల తలకు దెబ్బ తగిలితే కంగారు పడకండి. స్పృహ తప్పకపోతే మెదడుకు ఏమీ కానట్టే. హెల్మెట్ ఉంటే అసలు భయం లేదు. అనుమానం ఉంటే స్కాన్ తీయించండి, అది బాగుంటే మర్నాడే ఆడించవచ్చు. ఆ రాత్రి మాత్రం నిద్రపోనివ్వకండి. పిల్లల మెదడు పెద్దల కంటే త్వరగా కోలుకుంటుంది.”

పంపినవాళ్లు పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్లే. అయినా ఈ ఆరు మాటల్లో ఐదు తప్పు, ఒకటి సగం తప్పు. మా అబ్బాయి లెదర్ బంతితో క్రికెట్ ఆడతాడు. రెండేళ్ల క్రితం వాడి హెల్మెట్‌కు బంతి తగిలినప్పుడు నేను కూడా ఇదే నమ్మి “ఏం కాలేదులే, ఆడు” అన్నాను. ఆ సాయంత్రం వాడు ఒకే ప్రశ్నను మూడుసార్లు అడిగాడు. అప్పటి నుంచి ఈ విషయం చదువుతూనే ఉన్నాను.

మొదట స్పృహ సంగతి. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో జరిగిన ఒక క్లబ్ మ్యాచ్‌లో మన టెస్ట్ ఆటగాడు రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో, అంటే బ్యాటర్‌కు బాగా దగ్గరగా, నిలబడ్డాడు. బ్యాటర్ కొట్టిన బంతి తలకు తగిలింది. ఆయన తన కాళ్ల మీద తానే నడిచి డ్రెస్సింగ్ రూముకు వెళ్లాడు. తర్వాత కొద్దిసేపటికే పరిస్థితి విషమించింది. తలలో రక్తస్రావంతో మూడు రోజులకు చనిపోయాడు. నడిచి వెళ్లగలగడం ఏ భరోసా ఇవ్వదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అంత తీవ్రం కాని దెబ్బలోనూ ఇదే వరస. దెబ్బ వల్ల మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడాన్ని కంకషన్ అంటారు. కంకషన్ అయిన వందమందిలో స్పృహ తప్పేది సుమారు పదిమందికే. కొందరిలో లక్షణాలు గంటల తర్వాత గానీ బయటపడవు. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ఇంగ్లండ్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ బంతి ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. వైద్య పరీక్షల్లో నెగ్గి ఆయన మళ్లీ బ్యాటింగ్‌కు వచ్చి 92 పరుగుల దగ్గర అవుటయ్యాడు. తలనొప్పి, మగత మర్నాటి ఉదయం మొదలయ్యాయి. ఆయన స్థానంలో దిగిన లబుషేన్ టెస్టుల్లో తొలి కంకషన్ సబ్‌స్టిట్యూట్. జట్టు వైద్యుడు పక్కనే ఉన్నా ముందురోజు తెలియనిది, బౌండరీ దగ్గర కుర్చీలో కూర్చున్న మనకు ఒక్క చూపులో ఎలా తెలుస్తుంది?

చూడవలసినవి వేరే ఉన్నాయి. ఏ ఓవర్ నడుస్తోందో మరిచిపోవడం, అడిగిందే అడగడం, తూలడం, వెలుతురు చూడలేకపోవడం, తల బరువుగా ఉందనడం, కారణం లేకుండా విసుక్కోవడం లేదా ఏడవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట ముగిసినట్టే. తలనొప్పి అంతకంతకూ పెరిగినా, వాంతులు మళ్లీ మళ్లీ అయినా, మూర్ఛ వచ్చినా, చేయి గానీ కాలు గానీ బలహీనపడినా, ఒకటి రెండుగా కనిపించినా వెంటనే 108కు ఫోను చేయాలి.

హెల్మెట్ విషయానికి వస్తే, తప్పకుండా పెట్టాలి. అది పుర్రె పగలకుండా, ముఖం చితకకుండా కాపాడుతుంది. కానీ మెదడు పుర్రెలోపల ద్రవంలో తేలుతూ ఉంటుంది. నిండు వేగంతో వెళ్తున్న బస్సుకు డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేస్తే బస్సుకు గీత పడకపోయినా లోపల నిలబడ్డవాళ్లు ముందుకు తూలిపడతారు. తల హఠాత్తుగా కదిలినా, గిర్రున తిరిగినా మెదడుకు జరిగేది అదే. నరాల తంతువులు సాగుతాయి. హెల్మెట్ ఆ కుదుపును కొంత తగ్గించగలదేమో గానీ ఆపలేదు. కబడ్డీలో, ఫుట్‌బాల్‌లో అదీ లేదు. పట్టులో ఒకరి మోకాలికి ఇంకొకరి తల తగలడం మనం ప్రతి పాఠశాల పోటీలోనూ చూస్తూనే ఉన్నాం.

స్కాన్ ఎందుకు సరిపోదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని చూపుతుంది. ప్రాణాపాయాన్ని పట్టుకోవడానికి అది కావాలి, డాక్టరు అవసరమంటే వెంటనే తీయించాలి. కంకషన్‌లో దెబ్బతినేది మెదడు ఆకారం కాదు, పని. అందుకే చాలామందిలో స్కాన్ మామూలుగానే ఉంటుంది. “స్కాన్ బాగుంది” అంటే “రక్తస్రావం కనిపించలేదు” అని మాత్రమే. “ఆడవచ్చు” అని కాదు.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన మాట, మర్నాడే ఆడించడం. 2006 అక్టోబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పదమూడేళ్ల జాకరీ లిస్టెడ్ పాఠశాల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి పడ్డాడు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ ఆటలోకి పంపారు. మ్యాచ్ ముగిశాక మైదానంలోనే కుప్పకూలాడు. ఒత్తిడి తగ్గించడానికి డాక్టర్లు పుర్రె ఎముకను రెండువైపులా తొలగించవలసి వచ్చింది. మళ్లీ మొదటి మాట మాట్లాడటానికి ఆ బాలుడికి తొమ్మిది నెలలు పట్టింది. 2009లో ఆ రాష్ట్రం అతని పేరుతోనే చట్టం చేసింది: అనుమానం వస్తే ఆట నుంచి తప్పించాలి, వైద్య నిపుణుల రాతపూర్వక అనుమతి లేకుండా తిరిగి పంపకూడదు. 2014 నాటికి అన్ని అమెరికా రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. అక్కడి మన తెలుగువాళ్లు పిల్లల్ని బడి ఆటల్లో చేర్చేటప్పుడు చాలా రాష్ట్రాల్లో సంతకం చేసే కంకషన్ పత్రం వెనుక ఉన్నది ఈ కథే.

కెనడాలోని ఒట్టావాలో 2013 మే నెలలో పదిహేడేళ్ల రోవన్ స్ట్రింగర్ వారం లోపల మూడు దెబ్బలు తిని మరణించింది. బడి రగ్బీ జట్టుకు ఆమె కెప్టెన్. తలనొప్పి గురించి స్నేహితులకు సందేశాలు పంపింది, కంకషన్ అంటే ఏమిటో ఫోనులో వెతికింది. ఇంట్లో గానీ కోచ్‌కు గానీ చెప్పలేదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు ఒక్కసారిగా వాచిపోవచ్చు. ఇది అరుదు, నిజమే. కానీ నమోదైన సంఘటనల్లో దాదాపు అందరూ చిన్న వయసువాళ్లే. 2018లో ఒంటారియో రోవన్ పేరుతో చట్టం తెచ్చింది.

సరైన పద్ధతి తెలియనిది కాదు. మొదట బడి, ఆ తర్వాత ఆట. నడక, తేలికపాటి వ్యాయామం, ఒంటరి సాధన, ఇలా మెట్టు మెట్టుగా, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. ఢీకొనే ఆటకు డాక్టరు అనుమతి ఇచ్చాకే.

నిద్ర గురించి చెప్పింది సగం నిజం. మొదటి కొన్ని గంటలు పిల్లవాణ్ని ఒంటరిగా వదలకూడదు, గమనిస్తూ ఉండాలి. డాక్టరు చూసి ప్రమాద లక్షణాలు లేవన్నాక నిద్ర ఆపవలసిన పని లేదు, మెదడుకు అది అవసరం. అలాగని చీకటి గదిలో వారం రోజులు పడుకోబెట్టడమూ పాత పద్ధతే. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత తేలికగా తిరగనివ్వడమే మేలని ఇప్పటి నిపుణుల మాట.

చివరిది, పిల్లలు త్వరగా కోలుకుంటారనేది. నిజం తలకిందులు. పెద్దలు చాలామంది రెండు వారాల్లో తేరుకుంటే, పిల్లలకు నాలుగు వారాల దాకా పట్టవచ్చు. ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు, అందుకే నేను మా వాణ్ని ఆట మాన్పించలేదు. నా భయమల్లా రోవన్ దాచిన ఆ తలనొప్పి గురించే. జట్టులో చోటు పోతుందని ఏ పిల్లవాడైనా దాస్తాడు. అందుకే మా శిబిరంలో కోచ్ గారిని ఒక్కటే అడిగాను: తలకు దెబ్బ తగిలిందని చెప్పినవాడి చోటు నెల తర్వాత కూడా అలాగే ఉంటుందని పిల్లలందరి ముందూ చెప్పమని. మొన్న ఆదివారం, ప్యాడ్లు కట్టుకోకముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పారు.