సవరణ: ఆలుగడ్డ మడిలో బూడిద వద్దు

ఆలుగడ్డ తొక్క మీద గరుకు మచ్చలు తెచ్చే స్కాబ్ తెగులుకు కట్టెల బూడిద చల్లి, నీళ్లు తగ్గించమని పోయిన పోస్టులో ఉంది. ఆ రెండు సలహాలూ కొట్టేయండి. రెండూ తెగులును పెంచేవే.

స్కాబ్ బూజు తెగులు కాదు. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. దానికి పొడి నేల, క్షారం ఉన్న నేల ఇష్టం. నేల పులుపా, క్షారమా అని చెప్పే కొలత పీహెచ్; అది పెరిగితే క్షారం, తగ్గితే పులుపు. బూడిద, సున్నం మట్టి పీహెచ్‌ను పైకి నెడతాయి. పీహెచ్ 5.2 కంటే తక్కువగా ఉంటే ఈ తెగులు చాలావరకు అణగి ఉంటుంది. అలాగని మడిలో నిమ్మరసం పోయనక్కర్లేదు, బూడిద ఆపితే చాలు.

అసలు కీలకం తడి. మొక్క పక్కన మట్టి మెల్లగా తీసి చూడండి. తెల్లటి తీగల కొసలు శనగగింజంత ఉబ్బి కనిపిస్తే దుంప ఊరడం మొదలైనట్టే. అక్కడి నుంచి నాలుగు నుంచి ఆరు వారాలు మట్టి ఆరకూడదు. ఆ రోజుల్లో మట్టి ఆరితే లేత తొక్క మీది సన్నటి రంధ్రాల గుండా బ్యాక్టీరియా లోపలికి పోతుంది. తడి ఉండాలి గానీ నీళ్లు నిలవకూడదు, నిలిస్తే దుంప కుళ్లుతుంది. ఎండుగడ్డి కప్పితే మట్టి ఆరిపోతుందన్న టెన్షన్ తగ్గుతుంది.

పచ్చి పేడ వద్దు, బాగా మాగిన ఎరువే వేయండి. ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్‌కూ ఇది సోకుతుంది కాబట్టి వాటి తర్వాత అదే మడిలో ఆలు పెట్టకండి.

మచ్చలున్న గడ్డలు చెక్కు తీసి నిక్షేపంగా వండుకోవచ్చు. విత్తనానికి మాత్రం దాచకండి.