డబ్బు పడిందట, ఎక్కడ పడిందో?

2013 జనవరి 1న ప్రత్యక్ష నగదు బదిలీ మొదలైనప్పుడు, ఇకపై దళారులుండరని, ప్రభుత్వ సొమ్ము నేరుగా లబ్ధిదారుని ఖాతాకే చేరుతుందని చెప్పారు. దళారుల బెడద తగ్గిన మాట నిజమే, కాదనను. కానీ ఏ ఖాతాకు? ఆధార్ ఆధారిత చెల్లింపులో సొమ్ము మనం దరఖాస్తులో రాసిన ఖాతాకే వెళ్లాలని లేదు. జాతీయ చెల్లింపుల సంస్థ పట్టికలో ఆ ఆధార్ సంఖ్యకు చివరిగా ఏ బ్యాంకు అనుసంధానమై ఉంటే అక్కడికి వెళుతుంది. ఎప్పుడో ఎవరో తెరిపించిన, పాసుపుస్తకం కూడా కనబడని ఖాతాలో పీఎం కిసాన్ రెండు వేలు పడితే, ఆ రైతు ఎవరిని అడగాలి? బ్యాంకువారు వ్యవసాయ కార్యాలయానికి వెళ్లమంటారు, అక్కడివారు కంప్యూటర్‌లో చూసి, సొమ్ము జమ అయినట్టే ఉంది కదా అంటారు, మళ్లీ బ్యాంకే! ఇక ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో లబ్ధిదారుని గుర్తింపును సరిచూసే తంతు, దాని సంగతి సరేసరి. ఏళ్ల తరబడి కలుపు తీసి అరిగిపోయిన వేళ్లను యంత్రం గుర్తించకపోతే, తప్పు వేళ్లదా, యంత్రానిదా? ముఖ గుర్తింపు వచ్చిందంటారు. దానికి స్మార్ట్‌ఫోను ఎవరిస్తారు? ఏడాదికి మూడు విడతల్లో వచ్చే 6,000 రూపాయల కోసం పెట్టిన ఆటో ఛార్జీలను, పోగొట్టుకున్న కూలిని ఎవరు లెక్కగడుతున్నారు? సొమ్ము ఏ బ్యాంకుకు వెళుతోందో ముందుగా తెలుగులో ఒక్క సందేశం పంపడానికి ఇంత సురక్షితమైన వ్యవస్థకు వచ్చిన ఇబ్బంది ఏమిటో!