ముందు అడగవలసిన ప్రశ్న

మన సంఘం వార్షికోత్సవం నాడు హాలులో సాంస్కృతిక కార్యక్రమాలు సాగుతుండగా వేదిక వెనుక ఏం జరిగిందో ఈపాటికి అందరికీ తెలిసే ఉంటుంది. హైస్కూలు చదువుతున్న మన పిల్లలే నలుగురు, తమకంటే చిన్నవాడిని మేకప్ గదిలో పెట్టి గడియ వేసి, వాడు ఏడుస్తూ తలుపు బాదుతుంటే అద్దంలోంచి వీడియో తీసి తమ గ్రూపులో పెట్టారు.

ఆ రాత్రి కార్యవర్గం ఆ పిల్లల తల్లిదండ్రులను కూర్చోబెట్టినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఒక తండ్రిగారు మొట్టమొదట అడిగింది, "ఇది రేపు కాలేజీ అప్లికేషన్లలో ఎక్కడైనా బయటపడుతుందాండీ?" అని. ఒక తల్లిగారు, "మావాడు గడియ పెట్టలేదండీ, ఊరికే ఫోను పట్టుకున్నాడంతే" అన్నారు. ఒక్క దెబ్బైనా తగల్లేదు కదా అని ఒకరు, ఆ అబ్బాయే వెంటపడి విసిగించాడట అని మరొకరు అందుకున్నారు. ఆ పిల్లవాడు ఇప్పుడెలా ఉన్నాడని చివరికి అడిగింది ఈ తల్లిదండ్రుల్లో ఎవరూ కాదు, పక్కన మైకు వైర్లు చుట్టుకుంటున్న ఒక వాలంటీరు.

దారి తప్పే కుర్రవాళ్లకు మంచిచెడ్డలు తెలియవని కాదు, తెలిసిన విలువలను కాసేపు పక్కన పెట్టడానికి వారికి సాకులు దొరుకుతాయి అని 1957లో గ్రెషామ్ సైక్స్, డేవిడ్ మట్జా అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. తప్పు నాది కాదు, ఎవరికీ ఏ నష్టమూ కాలేదు, వాడికి అలాగే కావాలి, నిలదీసేవాళ్లు మాత్రం ఏపాటివాళ్లు, స్నేహితుల కోసం చేశాను అనేవి వారు చెప్పిన ఐదు సాకులు. వాటిలో మొదటి మూడూ ఆ రాత్రి నా చెవిన పడ్డాయి, కాకపోతే పిల్లల నోటి నుంచి కాదు.

ఆ నలుగురినీ నేరస్థులనడం నా ఉద్దేశం కాదు. అందరూ తననే చూస్తున్నారనీ, తన బాధ ఇంకెవరికీ అర్థం కాదనీ అనుకోవడం ఆ వయసు లక్షణమని మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లోనే రాశారు. కౌమారంలో కట్టుతప్పేవారిలో అత్యధికులు పెద్దయ్యాక ఆ పనులను వదిలేస్తారనీ, కొద్దిమందే జీవితాంతం ఆ దారిలో ఉంటారనీ 1993లో మనస్తత్వవేత్త టెర్రీ మాఫిట్ వివరించారు. కానీ వయసుతో వచ్చే ఈ సొంత ధ్యాస వేరు, 'నా మేలు ముందు, ఎదుటివాడి సంగతి తరువాత' అన్నది విలువగా స్థిరపడటం వేరు. రెండోదానికి పెద్దల పోషణ కావాలి. 1990లో గాట్‌ఫ్రెడ్‌సన్, హిర్షీ అనే నేరశాస్త్రవేత్తలు నేరప్రవృత్తికి మూలమని చెప్పిన ఆత్మనిగ్రహలోపంలో స్వార్థచింతన కూడా ఒక భాగం. పిల్లలను గమనిస్తూ ఉండటం, తప్పు చేస్తే అది తప్పని గుర్తించడం, సరిదిద్దడం అనే మూడు పనులు ఇంట్లో కుంటుపడితే ఆ లోపం ఏర్పడుతుందని వారి వాదన. మార్కుల విషయంలో మనం ఈ మూడూ ఎంత శ్రద్ధగా చేస్తామో చెప్పనక్కరలేదు.

2014లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ బృందం అమెరికాలో సుమారు 10,000 మంది విద్యార్థులను అడిగితే, దాదాపు 80 శాతం మంది ఇతరుల పట్ల శ్రద్ధ కంటే తమ విజయమో సంతోషమో ముఖ్యమన్నారు. మంచి మనిషిగా మెలగడం కంటే మంచి మార్కులు తెస్తేనే అమ్మానాన్నలు గర్విస్తారని నమ్మేవారే వారిలో ఎక్కువ. మన వేదిక మీద ఏటా శాలువాలు కప్పేది ఎవరికో గుర్తు చేసుకుంటే, మన పిల్లలు ఇంకోలా ఎందుకు అనుకోవాలి? అప్లికేషన్ల గురించి అడిగిన ఆ తండ్రిగారిని నేను తప్పుపట్టలేను. బిడ్డ భవిష్యత్తు కోసమే అన్నీ వదులుకుని ఇంత దూరం వచ్చిన మనిషికి మొదట భయమే నోటికి వస్తుంది. కానీ ఆ ప్రశ్నను పక్కనే నిలబడి కొడుకు కూడా విన్నాడు.

కేకలు, శిక్షల కంటే, చేసిన పని వల్ల ఎదుటివాడికి ఏమైందో విడమరిచి చెప్పడమే పిల్లల్లో నీతిని నాటుతుందని మనస్తత్వవేత్త మార్టిన్ హాఫ్‌మన్ చెప్పారు. అందుకే కార్యవర్గానికి నా విన్నపం: 'పిల్లలు, పోనిద్దురూ' అని ఈ విషయాన్ని మూసివేయకండి. ఆ వీడియో ప్రతి ఫోనులోనూ చెరిగిందని తల్లిదండ్రులే దగ్గరుండి చూడాలి. ఆ కుటుంబం ఒప్పుకుంటే నలుగురూ తల్లిదండ్రులతో కలిసి వాళ్లింటికి వెళ్లి, ఆ గదిలో ఎలా అనిపించిందో ఆ అబ్బాయిని చెప్పనిచ్చి, మధ్యలో సంజాయిషీలు ఇవ్వకుండా వినాలి. రావద్దంటే ఆ మాటకు కట్టుబడి, ఎవరికి వారు సొంత చేతిరాతతో ఉత్తరం రాసి పంపాలి. వచ్చే కార్యవర్గ సమావేశంలో మొదటి అంశంగా దీన్నే చేపట్టాలని కోరుతున్నాను.